నైరుతి మూల కిటికీ

నా చిన్నప్పుడు మా వెనక గదికి ఒక కిటికీ ఉందన్న సంగతి నాకు చాలాకాలం తెలియదు. నవ్వకండి. సొంత ఇంటి కిటికీ తెలియకుండా ఎలా పెరిగావే అని మా మనవరాలు కూడా నవ్వుతుంది. నేనేం చేయను, తెలియదంటే తెలియదు. గోదావరి జిల్లాలో మా ఊరి నుంచి కూకట్‌పల్లి కాలనీకి సామానుతో లారీ వచ్చినప్పుడు ఆ సామాను మధ్యలోనే ఎక్కడో నేనూ వచ్చాను. అప్పటికి నాకు ఊహ కూడా సరిగ్గా లేదు. ఇప్పుడు మెట్రో రైలు పోయే ఆ రోడ్డుకి రెండు వైపులా అప్పుడు బండరాళ్ళూ తుమ్మచెట్లే ఉండేవి. హౌసింగ్ బోర్డు వాళ్ళు కట్టిన చిన్న చిన్న ఇళ్ళు వరసగా, ఒకదాని గోడ ఒకటి పంచుకుని ఉండేవి. అందులో ఒకటి మాది. చిన్న వరండా, ముందు గది, వెనక గది, వంటిల్లు, అంతే.

ఒకరోజు దొంగాట ఆడుతూ ఇళ్ళ వెనక సందులోకి వెళ్ళి దాక్కున్నాను. తలెత్తి చూస్తే మా ఇంటి వెనక గోడకి ఆకుపచ్చ రెక్కలతో కిటికీ ఒకటి కనిపించింది. మాది కాదేమో అనుకున్నాను. పక్కనే మా నీళ్ళ తొట్టి ఉంది, తీగ మీద నా గౌనే ఆరుతోంది. మాదే మరి! ఆట సంగతి మరిచిపోయి లోపలికి పరుగెత్తాను. వెనక గది గోడలన్నీ చూశాను. ఎక్కడా కిటికీ లేదు. మళ్ళీ సందులోకి పరుగెత్తాను. ఉంది. మళ్ళీ లోపలికి వచ్చాను. లేదు. చివరికి గెడ్డం గీసుకుంటున్న నాన్నని అడిగితే, అద్దంలోంచి చూపు తిప్పకుండానే "బీరువా వెనకాల ఉందిలేమ్మా" అన్నారు. అంత మామూలుగా అన్నారు.

ఆ బీరువా గురించి చెప్పాలి. టేకు బీరువా. ఒక తలుపుకి నిలువుటద్దం. పైన ఎవరూ తుడవలేని నగిషీలు. మా తాతయ్య పోయాక ఊళ్ళో పెంకుటిల్లు చేతులు మారింది. ఆ ఇంట్లో ఉన్నవన్నీ నానమ్మతోపాటు ఇక్కడికి వచ్చేశాయి. బీరువా, భోషాణం, పందిరి మంచం, రాతి రుబ్బురోలు, ఎన్నో ఇత్తడి బిందెలు. అంత పెద్ద ఇంటి సామాను ఇంత చిన్న ఇంట్లో ఎలా పడుతుందని ఎవరూ ఆలోచించలేదు. మా వైపు వాళ్ళందరూ అలాగే చేసేవారు లెండి. కాలనీలో ఏ గోదావరి వాళ్ళింటికి వెళ్ళినా పందిరి మంచం కోళ్ళకి మోకాలు తగలకుండా బయటపడేవాళ్ళం కాదు. లారీ దిగిన రోజు హమాలీలు "ఎక్కడ పెట్టమంటరు పెద్దమ్మా" అని అడిగితే నానమ్మ గుమ్మంలో నిలబడి వేలు చూపించిందట. నైరుతి మూలన బరువుండాలి కాబట్టి అన్నిటికన్నా బరువైన బీరువా ఆ మూలకి వెళ్ళింది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ ఆ మూలలోనే ఉంది. అది బీరువా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు వేలు చూపించిన చోట ఏది ఉందో అది అక్కడే ఉండిపోయింది. దాన్నే మేము ఇల్లు సర్దుకోవడం అనుకున్నాం.

ఆ గదిలో పట్టపగలే బల్బు వెలగాలి. కరెంటు పోతే చేతులు చాచుకుంటూ నడవాలి. వానాకాలం బట్టలు ఆరక ముక్క వాసన వేసేవి. అమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది, అత్తయ్యా, బీరువా కాస్త జరుపుకుందామా అని. "నైరుతిలో బరువు తీస్తే ఇంటి యజమాని నిలవడు. మీ మావగారిని పోగొట్టుకున్నది చాలు" అని నానమ్మ అనేసరికి ఇంక అమ్మ ఏం మాట్లాడుతుంది? దగ్గుకుంటూ పని చేసుకునేది. తర్వాత కడుపుతో ఉండి పుట్టింటికి వెళ్ళింది. నాకు బడి ఉందని నన్ను ఇక్కడే ఉంచారు.

తమ్ముడు పుట్టాడు. మూడో నెలలో వస్తుందన్నారు, రాలేదు. ఐదో నెలలో వస్తుందన్నారు. అమ్మకి బదులు మావయ్య వచ్చాడు. కాఫీ తాగి, గొంతు సవరించుకుని, నాన్నతో నెమ్మదిగా చెప్పాడు. "పగలే లైటు వేసుకునే గదిలోకి పసివాణ్ణి తీసుకురానంటోంది బావగారూ. ఆ కిటికీ తెరిచాక కబురు చేయమంది. లేదంటే అక్కడే ఉంటానంటోంది. ఎంత చెప్పినా వినట్లేదండీ." వంటింట్లోంచి నానమ్మ గొంతు వచ్చింది. "ఆ బీరువా కదిలిందంటే నేనూ కదిలినట్టే. మా తమ్ముడింట్లో ఇంత ముద్ద పెట్టకపోరు."

పాపం నాన్న. ఇటు చూస్తే తనని కన్నతల్లి, అటు చూస్తే తన పిల్లల తల్లి. వేరే ఇల్లు తీసుకునే స్తోమత లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాకు మాత్రం అమ్మ కావాలి. ఇంకేమీ అక్కర్లేదు, అమ్మ కావాలి. తమ్ముడి ముఖం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. బడిలో అందరూ అడుగుతుంటే నల్లగా ఉంటాడని ఒకరికి, తెల్లగా ఉంటాడని ఒకరికి చెప్పేదాన్ని. నాన్న ఆఫీసుకి వెళ్ళాక ఆ బీరువాని రెండు చేతులతో తోసి చూశాను. అది నా వైపు చూసినట్టు కూడా లేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. కూకట్‌పల్లి పాత ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. కొత్తగా పెళ్ళయి మా వరసలోకి వచ్చింది. భర్త ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ అక్క ఇల్లు నాకు పెద్ద వింత. ఎందుకంటే వెళ్ళినప్పుడల్లా అది వేరే ఇల్లు. ఒక వారం మంచం కిటికీ కింద, ఇంకో వారం గోడ పక్కన. ట్రంకుపెట్టె మీద బొంత మడిచి పరిస్తే అది కూర్చునే బల్ల. అదే పెట్టెను నిలబెట్టి పైన కూజా పెడితే అది నీళ్ళ స్టాండు. పగిలిన గాజులన్నీ దారానికి గుచ్చి గుమ్మానికి వేలాడదీసేది. పాత చీర అంచు కత్తిరించి తెల్ల దుప్పటికి కుట్టేది. కొత్తగా కొన్న వస్తువు ఒక్కటి ఉండేది కాదు. ఒకసారి డ్యూటీ దిగి వచ్చిన బావ, మంచం ఉందనుకుని కూర్చోబోయి నేల మీద కూలబడ్డాడట. అక్క ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేది. "ఉన్నయి గవ్వే పిల్లా. అటుదిటు, ఇటుదటు. ఇల్లుకు గూడ మనలెక్కనే, ఒక్క తీరుగ కూసుంటే నడుం పట్టుకుంటది" అనేది.

ఇప్పుడు మా అబ్బాయి వాళ్ళుండే ఖాజాగూడ వైపు అపార్ట్‌మెంట్లలో చూస్తుంటాను. గృహప్రవేశం కాకముందే ఇంటీరియర్లు చేసే కుర్రాళ్ళు కంప్యూటర్లో ఇల్లంతా గీసుకుని వచ్చేస్తారు. పైకప్పు కింద ఇంకో పైకప్పు, గోడ మీద ఇంకో గోడ. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ కుర్రాళ్ళు గోడలు కొలుస్తారు గానీ మనుషులను ఒక్క మాట అడగరు. అక్క అలా కాదు. అదే చెబుతున్నాను, వినండి.

ఒక సాయంత్రం ఆ అక్క మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అక్కా, నువ్వొచ్చి మా బీరువా జరపవా అని అడిగాను. కళ్ళు తుడిచి, ముక్కు కూడా తుడిచి, నవ్వింది. "బీరువా జరుపుడు ఏం పెద్ద పని? నలుగురు మొగోళ్ళు పడితే జరుగుతది. మీ నానమ్మ జరగాలె గదా ముందు. ఫికర్ చెయ్యకు. నేనొస్త గని, నువ్వు మాత్రం నోరు తెరవద్దు. తెరిస్తివో, మొత్తం ఖరాబైతది." సరేనని తల ఊపాను. నోరు తెరవకపోవడం నాకు ఎంత కష్టమో మా ఇంట్లో వాళ్ళనడిగితే చెబుతారు.

మర్నాడు మధ్యాహ్నం అక్క చేటలో కొత్త చింతపండు వేసుకుని మా ఇంటికి వచ్చింది. నానమ్మ పక్కన కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టింది. "నానమ్మా, నువ్వు జర ఈ గింజలు తీసుడు చూపెట్టు, నాకు తొందరగ రాదు" అంది. ముందు నానమ్మకి కోపం వచ్చింది. పెద్దదాన్ని పట్టుకుని 'నువ్వు' అంటుందేమిటీ పిల్ల అని నాతో గొణిగింది. మా వైపు అండీ అనకపోతే మర్యాద కాదు. ఇటువైపు వాళ్ళు సొంత తల్లిలా అనుకుంటేనే నువ్వంటారని నానమ్మకి అప్పటికింకా తెలియదు. అయినా చింతపండు ముందు పెట్టుకుని ఎంతసేపు బిగుసుకుని కూర్చుంటుంది? చేతులు వాటంతటవే పని అందుకున్నాయి.

ఇప్పుడు బీరువా మాట తెస్తుంది, ఇప్పుడు తెస్తుంది అని నేను కాచుకుని కూర్చున్నాను. అక్క ఆ ఊసే ఎత్తలేదు. మీ ఊర్ల మీ ఇల్లు ఎట్లుండే అని అడిగింది. నానమ్మ "ఆఁ, ఉండేదిలే" అంది. మర్నాడు కూడా అదే ప్రశ్న. వీధి గుమ్మం ఎటు ఉండేది, అరుగు ఎంత ఎత్తు, వంటింట్లోకి వెళ్ళాలంటే ఏ గది దాటాలి. నాకు అర్థం కాలేదు. ఎవరో ఉంటున్న ఇంటి గురించి ఈ అక్కకెందుకు? అక్క నా చేతికి బలపం ఇచ్చి, "పిల్లా, నానమ్మ చెప్తాంటె నువ్వు ఈడ గియ్యి" అంది. గచ్చు మీద గీయడం మొదలుపెట్టాను. అంతే, నానమ్మకి ఊపు వచ్చేసింది. "అలా కాదే, మండువా అంత ఇరుగ్గా ఉంటుందా? ఇంకా జరుగు, జరుగు" అంటూ నన్ను ముందు గదంతా పాకించింది. ఒక్కో గది, ఆ గదిలో ఒక్కో వస్తువు. గూట్లో దీపపు సెమ్మె ఎటు పక్కన ఉండేదో కూడా చెప్పింది. నానమ్మ అంత మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. తాతయ్య పోయాక ఆమెని ఆ ఇంటి గురించి ఎవరూ ఏమీ అడగలేదని నాకు తర్వాతెప్పుడో తట్టింది. గుర్తు చేస్తే బాధపడుతుందని నాన్న, ఏమంటే ఏం తంటా వస్తుందో అని అమ్మ, ఊరుకున్నారు.

గీస్తూ గీస్తూ నైరుతి గదికి వచ్చాం. అక్క చింతపండులోంచి తల ఎత్తకుండా, "ఈ మూలకు ఏముండే నానమ్మా?" అంది. నానమ్మ తడుముకోకుండా "భోషాణం" అంది. "ధాన్యం విత్తనాలు, ఇత్తడి సామాను అందులోనే. బీరువా పడమటింట్లో ఉండేది, అది తర్వాత చేయించాం. ఈ మూల భోషాణమే. కాలవ గాలి వచ్చేది దాని మీదికి. మధ్యాహ్నం భోజనం చేసి మీ తాతయ్య దాని మీదే పడుకునేవారు. కిటికీలోంచి గాలి వస్తుంటే..." అక్కడితో ఆగిపోయింది. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

కిటికీ! నైరుతి మూలన కిటికీ! అక్కడా ఉందన్నమాట! అరుద్దామని నోరు తెరవబోయాను. అక్క చేట కిందినుంచి నా తొడ మీద చటుక్కున గిల్లింది. ఇప్పటికీ తలుచుకుంటే చురుక్కుమంటుంది. అక్క ఆ మాట పట్టుకుని ఏమీ అనలేదు. "మీ ఆయన మంచిగ పండుకునేటోడన్నట్టు" అని మాత్రం అంది. నానమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని నవ్వింది. "గురక పెట్టేవారు. కాలవ అవతలికి వినిపించేది" అంది.

ఉగాది దగ్గరికి వచ్చింది. అప్పుడు అక్క నాన్నతో మాట్లాడింది. పండుగకి ఇల్లంతా దులిపి సున్నం వేసుకోవాలె గదా అన్నా, మా ఇంటోళ్ళు వస్తరు, సామాను బయటపెట్టిస్తరు అంది. సున్నం వేయాలంటే సామాను గోడల నుంచి జరగాల్సిందే కదా. దానికి నానమ్మ కూడా కాదనలేకపోయింది. "సున్నం అయ్యాక ఎక్కడివక్కడ పెట్టాలి, చెబుతున్నా" అని మాత్రం గట్టిగా అంది. పెడతం పెడతం అన్నారు అందరూ.

బావా, ఆయన స్నేహితులూ కలిసి బీరువా తలుపులు ఊడదీసి, కింద గోనెపట్టాలు వేసి, హైలెస్సా అంటూ లాగారు. నేను గుమ్మం పట్టుకుని చూస్తున్నాను. బీరువా కదిలింది. వెనకాల గోడ నల్లగా బూజు పట్టి ఉంది. దాని మధ్యలో ఆకుపచ్చ రెక్కలు. నాన్న గడియ మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి తోశారు. రెక్కలు కిర్రుమని తెరుచుకున్నాయి. వెలుతురు గదిలోకి పడింది. మా గచ్చు అంత ఎర్రగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. గోడ మీద నేనెప్పుడో చేసిన నూనె చేతి మరకలన్నీ కనిపించాయి. పందిరి మంచం కోడు మీద చిలకలు చెక్కి ఉన్నాయని కూడా ఆ రోజే చూశాను. ఇన్నాళ్ళూ ఆ చిలకల పక్కనే పడుకున్నాను!

సున్నంలో కాస్త నీలిమందు కలిపి వేశారు. గచ్చు కడిగి, ఆరాక కొబ్బరిపీచుతో చుక్క నూనె వేసి తోమాం. వేసవి ఎండకి సున్నం తొందరగానే ఆరిపోయింది. ఇంక సామాను లోపల పెడదామని నాన్న లేచారు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగన్నా. గంత తొందర ఏంది? ఒక్క పూట ఉత్త ఇంట్ల కూసోండ్రి. ఏడ ఏం పెట్టాల్నో అదే చెప్తది" అంది. ఆ మాటకి నాన్న విచిత్రంగా చూశారు. సామానంతా వరండాలో, వీధిలో ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడుగుతున్నారు. అయినా అక్క ఒప్పుకోలేదు. ఖాళీ గదిలో చాప పరిచి నానమ్మని కూర్చోబెట్టింది. చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చింది. నాకేమో మళ్ళీ బలపం ఇచ్చింది. "ఎండ యాడిదాక వస్తదో గీత గియ్యి. ఎండ జరిగితె నువ్వూ జరుగు" అంది.

ఎంత మంచి పనో అది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి దిగి గచ్చు మీద నెమ్మదిగా పాకుతుంటే నేను దాని వెనకాలే పాకుతూ గీతలు గీశాను. ఎండ నడుస్తుందని నాకెవరూ చెప్పలేదు. నేనే పట్టుకున్నాననుకున్నాను. గది సగం దాకా వచ్చి, అక్కడ ఆగి, పక్కకి తిరిగింది. అక్క ఆ చివరి గీత అవతల నిలబడి పైన కొక్కెం చూపించింది. "చిన్నోని ఉయ్యాల ఈడ కట్టాలె. ఎండ వాని మీదికి రాదు, గాలి వస్తది" అంది. నానమ్మ మజ్జిగ తాగుతూ తాగుతూ ఆగి, ఆ కొక్కెం వైపు చూసింది. మనవడి ఉయ్యాల ఎక్కడ కట్టాలో ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ మాట్లాడుకోలేదు.

పొద్దు వాలాక బండల మీదుగా గాలి వచ్చింది. నానమ్మ గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయింది. రాత్రంతా నిద్ర పట్టట్లేదని రోజూ సణిగే మనిషి, నోరు కొంచెం తెరిచి హాయిగా నిద్రపోయింది. మేమందరం గుమ్మంలో నిలబడి చూశాం. ఎవరం లేపలేదు. లేచాక కాసేపు ఆ కిటికీ వైపు, ఆ మూల వైపు మార్చి మార్చి చూసింది. హమాలీల్లా వరండాలో కాచుకుని ఉన్న బావ వాళ్ళు, బీరువా మీద చేతులు వేసి, "ఏడ పెట్టాలె పెద్దమ్మా?" అని అడిగారు. నానమ్మ వేలు మళ్ళీ ఆ మూలకే చూపిస్తే అమ్మ రాదు. నాకు తెలిసిందల్లా అంతే.

"దాన్ని తర్వాత చూద్దాం. ముందు భోషాణం తీసుకురండి" అంది నానమ్మ.

భోషాణం వచ్చింది. ఇన్నాళ్ళూ ముందు గదిలో పరుపుల కింద, బియ్యం బస్తాల కింద కనపడకుండా ఉన్న భోషాణం. నైరుతి మూలన, సరిగ్గా కిటికీ కింద కూర్చుంది. కిటికీ చట్రానికి ఒక జానెడు కిందికి దాని మూత. ఇత్తడి బిందెలన్నీ తెచ్చి అందులో పెట్టించింది నానమ్మ. "మూలకి బరువుండాలి గానీ ఎత్తెందుకు?" అంది, ఎప్పటినుంచో తనే చెబుతున్నట్టు. బీరువా దక్షిణం గోడకి వెళ్ళింది. దాని నిలువుటద్దంలో కిటికీ, ఆకాశం ముక్క, అన్నీ పడి గదికి రెండో కిటికీ వచ్చినట్టయింది. పందిరి మంచానికి పైన కర్రలు తీసేసి మామూలు మంచం చేశారు. ఏదీ కొనలేదు. ఉన్నవే లేచి సరైన చోట కూర్చున్నాయి. ఆ తర్వాత నానమ్మ మా వరసలో ఉన్న గోదావరి వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి, నైరుతిలో బీరువాలు పెడతారటమ్మా ఎవరైనా, భోషాణం పెట్టాలి గానీ అని తగువేసుకుంది. అబ్బో, అదొక పెద్ద కథ.

కిటికీకి అడ్డం ఏదైనా ఉండాలి, పడమటెండ కదా అని అక్క తన బొంత గుడ్డ ఏదో తెస్తానంది. నానమ్మ వద్దంది. బీరువా తెరిచి, అడుగునుంచి ఒక చీర తీసింది. చిలకపచ్చ నేత చీర, ఎర్ర అంచు. తాతయ్య పోయాక రంగు చీరలన్నీ మడతపెట్టి లోపల పెట్టేసింది. వాటిని ఎవరికీ ఇవ్వలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ చీరని అక్క చేతిలో పెట్టి, "నేనెటూ కట్టుకోను. కిటికీకైనా కట్టండి" అంది. అక్క కత్తెర ముట్టించకుండా, అంచులు చెడకుండా, రెండు మడతలు వేసి తాడు మీద వేసింది.

నాన్న స్వయంగా వెళ్ళి అమ్మని తీసుకొచ్చారు. ఒక్కసారి చూడు, నచ్చకపోతే నేనే వెనక్కి దింపుతాను అని మాటిచ్చి తెచ్చారట. అమ్మ రిక్షా దిగింది. సంచీ మాత్రం చేత్తో పట్టుకునే ఉంది, ఎక్కడా కింద పెట్టలేదు. నేను నడుము చుట్టూ పట్టుకుని వేలాడాను. అయినా సంచీ వదల్లేదు. తమ్ముణ్ణి చూశాను. నల్లగానూ లేడు, తెల్లగానూ లేడు, ఎర్రగా ఏడుస్తున్నాడు. అమ్మ ముందు గది దాటి వెనక గది గుమ్మంలో ఆగింది. ఎండ పచ్చచీరలోంచి వడకట్టినట్టు వచ్చి గదంతా లేత పచ్చగా ఉంది. నానమ్మ భోషాణం పక్కన నిలబడి ఉంది, పరీక్షకి వచ్చిన పిల్లలా కొంగు నలుపుకుంటూ.

అమ్మ కిటికీ గురించి అడుగుతుందనుకున్నాను. అమ్మ చూపు చీర దగ్గరే ఆగిపోయింది. ఆ చీర ఏదో అమ్మకి తెలుసు. "అత్తయ్యా, ఇది మీ..." అంది. "పిల్లాడి కళ్ళలో ఎండ పడకూడదు కదే" అంది నానమ్మ. అంతే. అమ్మ సంచీ కింద పెట్టేసింది. తమ్ముణ్ణి భోషాణం మీద పడుకోబెట్టి, నానమ్మ చెయ్యి పట్టుకుని తనూ పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, వాళ్ళు ఏడుస్తున్నారని కాదు, సంచీ కింద పెట్టిందని.

ఇన్నేళ్ళలో చాలా ఇళ్ళు మారాను. నిజాంపేటలో కిరాయి ఇళ్ళు, తర్వాత సొంత ఫ్లాటు. ఇల్లు కాస్త కొత్తగా కనిపించాలి పిన్నీ, ఏం కొనమంటారు అని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఏమీ కొనకముందు ఒక పూట ఖాళీ గదిలో కూర్చోమని చెబుతాను. ఎండ ఎక్కడిదాకా వస్తుందో చూసుకోమంటాను. దానికి వాళ్ళు సరేనంటారు. ఆ తర్వాత నేను చేసే పని మాత్రం వాళ్ళకి అర్థం కాదు. ఆ ఇంట్లో ఇది కదపడానికి వీల్లేదని మొండికేసే మనిషి ఎవరో ఒకరుంటారు. అత్తగారో, మావగారో, ఒక్కోసారి చిన్నపిల్లో. నేను వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను. నానమ్మ ఆ మూలలో తాతయ్యని పెట్టుకుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరం అడగలేదు. పక్కింటి నుంచి వచ్చిన అక్క అడిగింది. నేను అడగడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. చేతిలో పని ఏదైనా పెట్టుకుని, తొందరపడకుండా, జవాబు వచ్చేదాకా.